నవ్వు నాలుగు విధాల చేటేనా?

తెల్లవారింది. మైపాడు ఒడ్డుకు పడవలు వచ్చాయి. చేపల వేలం ముగిసింది. ఆడవాళ్లు గంపలు సర్దుకుంటున్నారు. వేలం వేసినవాడి గొంతును ఒకామె అచ్చం దించేసింది. అందరూ పకపకా నవ్వారు. దూరంగా నిలబడిన ఒక అవ్వ కసురుకుంది.

"ఏందే ఆ ఇకయికలు? నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు ఊరికే అన్నారా?"

మగవాడు నవ్వితే సరదా. ఆడది నవ్వితే తప్పు! ఇదేం న్యాయం? ఒంటికి ఆ తేడా తెలియదు.

కడుపారా నవ్వితే ఏం జరుగుతుంది? రొమ్ముకూ పొట్టకూ మధ్య ఒక కండరం ఉంది. దాన్ని ఉదర వితానం అంటారు. నవ్వినప్పుడు అది గబగబా కదులుతుంది. ఊపిరితిత్తుల్లోని పాత గాలి బయటికి పోతుంది. కొత్త గాలి లోపలికి వస్తుంది. గుండె కాసేపు వేగంగా కొట్టుకుంటుంది. నవ్వు ఆగాక కండరాలు వదులవుతాయి. నలుగురితో కలిసి నవ్వితే మెదడులో ఎండార్ఫిన్లు ఊరతాయి. ఇవి నొప్పిని ఓర్చుకునే శక్తిని కొంత పెంచుతాయి. అలాగని బీపీ బిళ్లలు మానేసి నవ్వుతూ కూర్చుంటే కుదరదు.

1995లో మదన్ కటారియా అనే డాక్టరు ముంబయి పార్కులో నవ్వుల క్లబ్బు పెట్టారు. మొదట చేరింది అయిదుగురే. తర్వాత ఆ క్లబ్బులు చాలా దేశాలకు పాకాయి. నెల్లూరోళ్లకు నవ్వు కొత్తేమీ కాదులే. రమణారెడ్డి ఈ జిల్లావాడే. సినిమాల్లోకి పోకముందు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. మాయాబజార్ (1957)లో చిన్నమయ్య ఆయనే. గాలికి ఎగిరిపోతాడా అన్నంత బక్కమనిషి!

కొందరు ఆడవాళ్లకు నవ్వంటే భయం. కారణం సామెత కాదు. నవ్వినా, దగ్గినా, గంప ఎత్తినా వాళ్లకు చుక్కచుక్కగా మూత్రం పడుతుంది. కాన్పుల వల్ల అడుగు కండరాలు సడలుతాయి. అందుకే అలా అవుతుంది. సిగ్గుతో ఎవరికీ చెప్పరు. గుంపులోకి రారు. రేవున కసిరిన అవ్వకు ఆరు కాన్పులు. ఆమె దూరంగా నిలబడింది అందుకే.

దీనికి వైద్యం ఉంది. మూత్రం ఆపుకునేటప్పుడు ఏ కండరాలు బిగిస్తామో వాటినే బిగించాలి. 5 లెక్కపెట్టి వదలాలి. ఇలా 10 సార్లు, రోజుకు 3 పూటలా చేయాలి. ఊపిరి బిగబట్టకూడదు. మూత్రానికి కూర్చున్నప్పుడు చేయకూడదు. గుణం వెంటనే కనిపించదు. 3 నెలలు విడవకుండా చేయాలి. అప్పటికీ తగ్గకపోతే ఏఎన్ఎంకు గానీ ఆశా కార్యకర్తకు గానీ చెప్పాలి. మంట ఉన్నా, రక్తం కనిపించినా 3 నెలలు ఆగకూడదు. వెంటనే ఆసుపత్రికి పోవాలి.