బాండికూట్ (పద వ్యుత్పత్తి)

బాండికూట్ అనునది ఆంగ్ల నిఘంటువులకెక్కిన తెలుగు పదాలలో ఒకటి. దీనికి మూలం గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకు బాగా తెలిసిన పందికొక్కు.

మూలం

కొక్కు అంటే పెద్ద ఎలుక. పంది వలె గుర్రుమనుట చేత, పందివలె నేలను తవ్వుట చేత దీనికి పందికొక్కు అని పేరు వచ్చినదని భావిస్తారు. 'పంది' చాలా పాత ద్రావిడ పదం. తమిళంలో పన్ఱి, మలయాళంలో పన్ని, గోండిలో పద్ది. కన్నడంలో పదాది పకారం హకారమగును (పాలు-హాలు, పులి-హులి) కనుక అక్కడ హంది అయినది. అయితే ఈ జంతువును తమిళులు పెరుచ్చాళి అనీ, కన్నడిగులు హెగ్గణ అనీ అంటారు. కనుక ఆంగ్ల పదం తెలుగు నుండే వెళ్ళినదని చెప్పుటకు సందేహించనక్కరలేదు. 1886లో వెలువడిన యూల్, బర్నెల్‌ల హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు కూడా ఇదే వ్యుత్పత్తి చెప్పినది. (గోడౌన్ విషయం ఇంత తేలిక కాదు. మలయా భాషలోని గుదాంగ్ ద్వారా వచ్చిన ఆ పదానికి మన గిడ్డంగితో గల సంబంధంపై వివాదం ఉంది.)

ఆంగ్లంలోకి

ఈస్టిండియా కంపెనీ వారు 1611లో పెద్దపల్లి (నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నం), మచిలీపట్నం రేవులలో వర్తకం ప్రారంభించారు. ధాన్యపు కొట్లున్నచోట పందికొక్కులు తప్పవు. ఆంగ్లేయులు పదాదిలోని పకారాన్ని ఊపిరి ఒత్తి పలుకుతారు; ఒత్తు లేని మన పకారం వారి చెవికి బకారం వలె వినిపించుట సహజం. 'కొక్కు' చివరకు 'కూట్' అయినది.

పేరు మారిన జంతువు

18వ శతాబ్ది చివరలో ఆస్ట్రేలియా చేరిన ఆంగ్లేయులు అక్కడి పొడవు మూతి గల ఒక జంతువును కూడా బాండికూట్ అన్నారు. అది పిల్లలను సంచిలో పెంచే జాతి. ఎలుకలతో దానికి చుట్టరికం లేదు. నేడు ఆంగ్లంలో ఈ పేరు వినగానే ఎక్కువమందికి స్ఫురించేది ఆ జంతువే. 1996లో వచ్చిన క్రాష్ బాండికూట్ అనే వీడియో ఆటలోని కథానాయకుడూ అదే. ఆ ఆట ఆడే తెలుగు పిల్లలలో ఎందరికి ఇది తమ పొలంగట్టు మాట అని తెలుసో! అసలు పందికొక్కుకు మాత్రం శాస్త్రజ్ఞులు బాండికోటా అనే ప్రజాతి నామమిచ్చి న్యాయం చేశారు. కేరళలో మురుగు కాలువలు శుభ్రపరచుటకు 2018లో వచ్చిన మరమనిషి పేరు కూడా బాండికూట్.

వాడుక

చిన్న పందికొక్కు (బాండికోటా బెంగాలెన్సిస్) వరి వెన్నులను కొరికి కలుగులో నిల్వ చేస్తుంది. యానాదులు కలుగులు తవ్వి వాటిని పట్టి, దొరికిన ధాన్యాన్ని తెచ్చుకునేవారు. ప్రజాధనం కాజేయువారిని "పందికొక్కుల్లా మేస్తున్నారు" అనుట తెలుగునాట నేటికీ వాడుకలో ఉంది. ఈ అర్థం మాత్రం ఆంగ్లంలోకి వెళ్ళలేదు.