శ్రామికుల గృహవసతి – ప్రభుత్వ విధానము

నెల మొదటివారమున కూలియో జీతమో చేతికి వచ్చిన శ్రామికుడు ముందుగా చెల్లించునది ఇంటి అద్దె. బియ్యము కొంత తగ్గించి కొనవచ్చును. పండుగబట్టలను వచ్చే యేటికి వాయిదా వేయవచ్చును. అద్దెను మాత్రము సగమిచ్చి సగము నిలుపుటకు వీలులేదు. కూడు, గుడ్డ, గూడు అని మన పెద్దలు మూడింటిని ఒక్క ఊపిరిలో చెప్పిరి. కాని ఆ మూడింటిలో గూటికి ఒక ప్రత్యేకత కలదు. బియ్యము ఎక్కడ పండినను మన ఊరికి తెచ్చుకొనవచ్చును. బట్ట ఎక్కడ నేసినను మన అంగడిలో కొనవచ్చును. ఇంటిని మాత్రము తెచ్చుకొనలేము; అది ఉన్నచోటికి మనమే పోవలెను. అల్పాదాయము గల శ్రామికులకు ఇండ్లు సమకూర్చుటలో ప్రభుత్వములు పడిన చిక్కులలో అధికభాగము ఈ చిన్న విషయమునుండియే పుట్టినది.

కావున ఏ గృహనిర్మాణ పథకమునైనను మూడు ప్రశ్నలతో పరీక్షింపవలెను. నెలనెలా చెల్లింపవలసిన మొత్తము కూలికి తగినదేనా? ఇల్లు పనికి ఎంత దూరమున నున్నది? ఆ ఇంటిలో ఒక కుటుంబము ఇరుకు లేక కాపురము చేయగలదా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినను మిగిలిన రెండును నిష్ఫలమగును.

మన దేశమున ఈ సమస్య మొట్టమొదట తీవ్రరూపమున కనబడిన నగరములలో బొంబాయి ఒకటి. బట్టల మిల్లులు వెలసిన కొలది పల్లెలనుండి జనము వచ్చి చేరిరి. వారిలో మన పాలమూరు కూలీలును, తెలంగాణపు పద్మశాలీలును ఉండిరి. 1896లో ప్లేగు ప్రబలిన తరువాతగాని ఇరుకుగదుల సంగతి పాలకుల దృష్టికి గట్టిగా రాలేదు. 1898లో నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడినది. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట బొంబాయి ప్రభుత్వము అభివృద్ధిశాఖ నొకదానిని నెలకొల్పి, నగరమునకు వచ్చు ప్రత్తిపై బేలు ఒక్కింటికి ఒక రూపాయి సుంకము విధించి, ఆ రాబడిని ఆసరాగా గొని శ్రామికులకు చాల్ అను గదుల వరుసలు గల భవనములను కట్టించెను. వర్లీ, నాయిగాఁవ్, డిలైల్ రోడ్డు, శివడీ అను నాలుగుచోట్ల కట్టిన ఆ భవనములు మొత్తము 207. ఒక్కొక్క గది సుమారు 160 చదరపుటడుగులు. కుళాయియు, మరుగుదొడ్డియు అంతస్తులోని వారందరికి ఉమ్మడి.

ఇల్లు లేనివారు వేలకొలది ఉండగా ఈ గదులు వెంటనే నిండియుండునని ఎవరైనను తలంతురు. అట్లు జరుగలేదు. తొలి సంవత్సరములలో చాల గదులు ఖాళీగనే పడియుండెను. అద్దె కార్మికునకు బరువుగా తోచెను. సిమెంటు గోడల గదులలో గాలి వెలుతురులు చాలవని జనము వాటిని ఇష్టపడలేదు. కాలక్రమమున అవియే కిక్కిరిసినవి. మూడు నాలుగు తరములు అందే పుట్టి పెరిగినవి. వంద సంవత్సరముల పిమ్మట ఇప్పుడు వాటిని కూల్చి, ఒక్కొక్క కుటుంబమునకు 500 చదరపుటడుగుల ఇల్లు ఇచ్చు పని సాగుచున్నది. 2025 ఆగస్టులో వర్లీయందు మొదటి విడతగా 556 కుటుంబములకు తాళపుచెవులు అందినవి.

హైదరాబాదు కథ వేరొక ఉపద్రవముతో ఆరంభమైనది. 1908లో మూసీనది పొంగి నగరమును ముంచెత్తెను. అటుపిమ్మట 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, ఇరుకుపేటలను తొలగించుట, వెడల్పైన వీధులు వేయుట, అల్పాదాయము గలవారికి చిన్న ఇండ్లు కట్టి అద్దెకిచ్చుట తన కార్యక్రమముగా గైకొనెను. దాని బాధ్యతలు 1960లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణమండలికి సంక్రమించినవి. వ్యాధి బొంబాయిని, వరద హైదరాబాదును మేల్కొలిపినవి. ఆపద వచ్చిన తరువాతనే బీదవాని ఇల్లు ప్రభుత్వ వ్యవహారమగుట మన చరిత్రలో మరల మరల కనిపించును.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత దేశమంతటికిని వర్తించు మొదటి ముఖ్యపథకము 1952లో అమలులోనికి వచ్చినది. దానికి సహాయపూర్వక పారిశ్రామిక గృహనిర్మాణ పథకమని పేరు. రాష్ట్రప్రభుత్వము కార్మికులకు ఇండ్లు కట్టినచో, ఖర్చులో సగము కేంద్రము ఉచితముగా ఇచ్చును. తక్కిన సగము అప్పుగా ఇచ్చును. మిల్లు యజమానులకును, కార్మికుల సహకార సంఘములకును ఇంతకంటె తక్కువ పాళ్లలో సహాయము లభించెడిది.

ఇందలి కీలకమును ఒక లెక్కతో గ్రహింపవచ్చును. ఒక ఇంటికి 4,000 రూపాయలు ఖర్చైనదనుకొందము. వడ్డీ, మరమ్మతు, అసలు తీర్పు అన్నియు కలిసి ఏటికి నూటికి ఆరు వంతున పడునని అనుకొందము. ఏటికి 240 రూపాయలు, అనగా నెలకు 20 రూపాయల అద్దె వసూలు చేయవలసి యుండును. ఖర్చులో సగము ఉచితముగా వచ్చినచో, ఆ అద్దె 10 రూపాయలకు దిగును. ప్రభుత్వము ఇచ్చు సహాయము నిజమునకు ఇటుకలకు సున్నమునకు ఇచ్చునది కాదు. ఖర్చునకును కూలికిని నడుమ గల అగాధమును పూడ్చుటకు ఇచ్చునది.

1954లో అల్పాదాయవర్గ గృహనిర్మాణ పథకము వచ్చినది. ఏటికి 6,000 రూపాయలు మించని ఆదాయము గలవారికి ఇంటిఖర్చులో నూటికి 80 వంతుల వరకు, 8,000 రూపాయలు మించకుండ, దీర్ఘకాలపు అప్పు ఇచ్చు ఏర్పాటిది. రెండవ పంచవర్ష ప్రణాళికలో గృహనిర్మాణమునకు కేటాయించిన 120 కోట్ల రూపాయలలో ఈ రెండు పథకములకే 85 కోట్లు చెందినవి. ఆనాటి పథకముల వాడుకనుండి వచ్చిన పేర్లు నేటికిని మన చిరునామాలలో బ్రతికియున్నవి. ఎల్.ఐ.జి., ఎం.ఐ.జి. అని ఇంటి నంబరునకు ముందు వ్రాసుకొనువారిలో ఎందరో ఆ అక్షరములు ఒకనాటి ఆదాయవర్గముల పేర్లని ఎరుగరు.

ఈ పథకములు సాధించినది చిన్నది కాదు. కాని వాటిలో ఒక లోపము మొదటినుండి ఉండెను. 1952 నాటి పథకము ప్రధానముగా ఫ్యాక్టరీల చట్టము క్రిందికి వచ్చు కార్మికునికి ఉద్దేశింపబడినది. మిల్లు హాజరుపట్టీలో పేరున్నవాడు కార్మికుడు. ఆ మిల్లును కట్టిన తాపీపనివాడు, బస్తాలు మోసిన హమాలీ, రిక్షా తొక్కినవాడు, ఇండ్లలో అంట్లు తోమిన స్త్రీ ఆ లెక్కలోనికి రారు. కార్మికుల ఇండ్లకు గోడలు లేపిన కూలికే ఆ ఇంటిలో హక్కు లేకపోయెను. ఈ కొరతను తీర్చుటకు బలహీనవర్గముల పథకములు తరువాత వచ్చినవి. 1970లో కేంద్రమున హడ్కో సంస్థయు, 1979లో మన రాష్ట్రమున గృహనిర్మాణ సంస్థయు ఆ దారిలోనివే.

ఇన్ని పథకముల పిమ్మట కొరత ఎంత మిగిలినది? 2012లో కేంద్రము నియమించిన సాంకేతిక బృందము, పట్టణములలో 1 కోటి 87 లక్షలకు పైగా ఇండ్లు కొరతగా నున్నవని తేల్చెను. అందులో నూటికి 95కు పైగా బలహీన, అల్పాదాయ వర్గములవారివే. ఇందు మనము గమనింపవలసినది మరియొకటి కలదు. ఆ కొరతలో ఏమాత్రము నీడలేని కుటుంబములవి సుమారు 5 లక్షలు మాత్రమే. దాదాపు 1 కోటి 50 లక్షలు ఇరుకువలన కలిగిన కొరత. అనగా పెండ్లియైన దంపతులకు ప్రత్యేకముగా ఒక గదియైనను లేని కుటుంబముల లెక్క. మరియు 2011 జనాభా లెక్కల ప్రకారము పట్టణములలో 1 కోటి 10 లక్షల ఇండ్లు ఖాళీగా నుండెను. ఒకవైపు తాళములు వేసిన ఇండ్లు, మరొకవైపు ఒకే గదిలో మూడు తరములు. ఇండ్ల సంఖ్యను పెంచినంత మాత్రమున ఈ రెండును కలియవని దీనివలన తెలియుచున్నది.

2015 జూన్‌లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగము నాలుగు మార్గములను తెరచెను. మురికివాడను అక్కడనే తిరిగి నిర్మించుట, బ్యాంకు అప్పుపై వడ్డీ రాయితీ, సమూహముగా కట్టిన ఇండ్లకు సహాయము, సొంతస్థలమున కట్టుకొనువారికి సహాయము అనునవి ఆ నాలుగు. కడపటి రెండింటిలోను కేంద్రమిచ్చునది ఇంటికి లక్షన్నర రూపాయలు. నాలుగింటిలోను అధికముగా సాగినది సొంతస్థలము గలవారికి సహాయమే. అది సహజము, స్థలమున్నచో తక్కినది సులభము. కాని పట్టణములో స్థలమే లేనివాడు అద్దెయింటి శ్రామికుడు. వడ్డీ రాయితీ పొందుటకు ముందు అప్పు పుట్టవలెను; జీతపు చీటీ లేని కూలికి అప్పిచ్చుటకు బ్యాంకు వెనుదీయును.

తెలంగాణమున ఈ చిక్కును రెండు విధముల ఎదుర్కొనిరి. 2015లో సికిందరాబాదు ఐ.డి.హెచ్. కాలనీలో 396 ఇండ్లతో ప్రజల దృష్టికి వచ్చిన రెండు పడకగదుల పథకమున స్థలమును, 560 చదరపుటడుగుల ఇంటిని ప్రభుత్వమే సమకూర్చెను. 2024 మార్చిలో ఆరంభించిన ఇందిరమ్మ ఇండ్ల పథకమున సొంతస్థలము గలవారికి 5 లక్షల రూపాయలు విడతలవారీగా ఇచ్చుచున్నారు. ఐ.డి.హెచ్. కాలనీ విశేషమేమనగా, పాత ఇండ్లున్న చోటనే క్రొత్తవి లేచినవి. పిల్లల బడి, పెద్దల పని మారలేదు. నగరపు వెలుపల కొల్లూరులో 2023లో ప్రారంభమైన 15,660 ఇండ్ల సముదాయము పరిమాణమున ఎంతో గొప్పది. కాని అచటి కాపురస్థునకు దూరమను ప్రశ్న ఎదురగును.

దూరమునకు ధర కట్టి చూతము. నగరమున 4,000 రూపాయల అద్దె ఇచ్చుచున్న దంపతులకు ఊరి వెలుపల ఉచితముగా ఇల్లు దొరికినదనుకొందము. భర్త తెల్లవారుజామున అడ్డాకు పోవు తాపీకూలి. భార్య ఇండ్లలో పని చేయును. రానుపోను ఒక్కొక్కరికి దినమునకు 60 రూపాయలైనచో, నెలకు 25 దినములకు ఇద్దరికి 3,000 రూపాయలు. మిగిలినది వేయి రూపాయలు. బస్సు ఆలస్యమై అడ్డాలో మేస్త్రీ వెడలిపోయిన దినమున ఆ వేయియు పోవును. కాగితముపై ఉచితమైన ఇల్లు ఆ కుటుంబపు పద్దులో ఉచితము కాదు. అట్టివారు తమకు వచ్చిన ఇంటికి తాళము వేసి మరల నగరపు గదికి వచ్చినచో వారిని నిందించుట న్యాయము కాదు.

2020లో కరోనా కాలమున వలసకూలీలు వందలమైళ్లు నడచి స్వగ్రామములకు పోవుట దేశమంతయు చూచెను. పని నిలిచిన దినముననే వారికి నగరములో నీడయు లేకపోయెను. ఆ సంవత్సరము జూలైలో కేంద్రము సరసమైన అద్దె గృహసముదాయముల పథకమును ప్రకటించి, ప్రభుత్వధనముతో కట్టి ఖాళీగా పడియున్న ఇండ్లను వలస శ్రామికులకు అద్దెకిచ్చుటకు పూనుకొనెను. 2024 సెప్టెంబరులో మొదలైన ఆవాస్ యోజన రెండవ దశలో అద్దెవసతి ఒక ప్రత్యేకమార్గముగా స్థానము పొందినది. ఇది మంచి మార్పు. ఏడాదికొక ఊరు మారు కూలికి సొంతయింటికంటె, న్యాయమైన అద్దెకు దొరకు గదియే మేలు. ఆస్ట్రియా రాజధాని వియన్నా నగరపాలక సంస్థ 1923లో ఇంటిపన్ను విధించి, 1934 నాటికి 60,000కు పైగా ఇండ్లు కట్టి అద్దెకిచ్చెను. వాటిని అమ్మివేయక నిలుపుకొని, నేటికిని ఆ నగరము శ్రామికులకు అద్దెయిండ్లు ఇచ్చుచున్నది.

మూడు ప్రశ్నలకును సమాధానముగా నిలువదగిన ఉదాహరణ మన పొరుగుననే కలదు. మహారాష్ట్రమునందలి షోలాపురమున తెలుగు మాటలాడు పద్మశాలి కుటుంబములు తరతరములుగా స్థిరపడియున్నవి. పురుషులు మగ్గముల పనిలోను, స్త్రీలు బీడీలు చుట్టు పనిలోను ఉందురు. బీడీ కార్మిక స్త్రీలు సహకార సంఘముగా ఏర్పడి, ఏండ్ల తరబడి పోరాడి, కేంద్ర రాష్ట్ర సహాయములకు తమ వాటాధనము చేర్చి, కుంభారి గ్రామమువద్ద 10,000 ఇండ్లు కట్టించుకొనిరి. 2006లో ఆనాటి ప్రధాని మన్మోహన్ సింగ్ వాటిని అందజేసెను. అచటనే మరి 30,000 ఇండ్లతో రాయ్‌నగర్ అను కాలనీ తలపెట్టగా, 2024 జనవరిలో ప్రధాని నరేంద్ర మోదీ 15,000 ఇండ్లను అప్పగించెను.

కుంభారియు పట్టణమునకు వెలుపలిదే. మరి అది ఏల నిలిచినది? బీడీ చుట్టు స్త్రీకి ఇల్లే కార్ఖానా. తునికాకును, పొగాకును ఇచ్చి, చుట్టిన బీడీలు తీసికొను చోటు దగ్గరనున్నచో ఆమె పనికి దూరము లేదు. ఇంటిలో వెలుతురైన ఒక మూల దొరకినచో ఆమె కూలి పెరుగును. కిరాయిగదిలో పొయ్యిప్రక్కన కూర్చుండి చుట్టిన బీడీలకంటె ఎక్కువ చుట్టగలదు. అన్నిటికంటె ముఖ్యము, ఆ ఇంటిని కోరినది ఆమె, వాటా కట్టినది ఆమె. ఎవరో గీచిన పటములోని ఇల్లు కాదది.

పథకము ప్రకటింపబడినప్పుడు ఎన్ని ఇండ్లు, ఎన్ని కోట్లు అను సంఖ్యలు మనకు వినవచ్చును. అవి వినవలసినవే. వాటితోపాటు మరి మూడు ప్రశ్నలు మనము అడుగవలెను: అందు ఎన్ని ఇండ్లలో సాయంకాలము దీపము వెలుగుచున్నది? ఆ దీపము వెలిగించునామె ఎన్ని గంటలకు పనినుండి తిరిగి వచ్చుచున్నది? వచ్చిన పిమ్మట ఆమెకు కాలు చాపుకొనుటకు చోటున్నదా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన విధానమే శ్రామికునకు ఇల్లు ఇచ్చిన విధానము. చెప్పలేనిది గోడలు మాత్రమే ఇచ్చినది.