గుండెదడయు వ్యాయామమును

గుండె రేయింబవళ్లు కొట్టుకొనుచునే యుండును గాని దాని చప్పుడు మనకు వినబడదు. చాలకాలము కుర్చీకి అలవాటుపడినవారు ఒకనాడు మేడమెట్లెక్కి పైకి చేరినప్పుడు మాత్రము అది చెవులలో మ్రోగినట్లు తోచును. అప్పుడు కలుగు భయము రెండు త్రోవలు పట్టును. కొందరు తమ గుండె బలహీనపడినదనియు, ఇక కదలరాదనియు తలచి మరింతగా కూర్చుండిపోవుదురు. మరికొందరు ఇన్నేండ్ల లోటును ఒక్క వారములో తీర్చుకొనదలచి తెల్లవారుజాముననే పరుగు లంకించుకొందురు. మొదటివారికి ఉన్న శక్తియు నానాటికి తరిగిపోవును. రెండవవారికి నిజముగనే అపాయము కలుగవచ్చును. ఈ రెంటికి నడుమ క్షేమమైన మార్గమొకటి కలదు. దానినే ఇచట వివరింపదలచితిమి.

ముందుగా ఈ దడ ఏల కలుగునో తెలిసికొందము. రక్తము శరీరమంతయు చుట్టి మరల గుండెకే చేరుచున్నదని విలియం హార్వే అను ఆంగ్లవైద్యుడు 1628లో ప్రకటించిన గ్రంథమున లెక్కలతో నిరూపించెను. అట్టి లెక్కను మనమును వేసికొనవచ్చును. పెద్దవారి గుండె విశ్రాంతిగా ఉన్నప్పుడు కొట్టుకొనిన ప్రతిమారు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తమును పంపును. నిమిషమునకు 70 మార్లు కొట్టుకొన్నచో 4,900 మిల్లీలీటర్లు, అనగా దాదాపు 5 లీటర్లు. నడక ప్రారంభించగనే కాళ్ల కండరములకు ప్రాణవాయువు ఎక్కువగా కావలసి వచ్చును. ఆరోగ్యవంతుడు గట్టిగా శ్రమించునప్పుడు గుండె నిమిషమునకు 15 మొదలు 20 లీటర్ల వరకు పంపవలసి యుండును.

ఇంత రక్తమును పంపుటకు గుండెకున్నవి రెండే ఉపాయములు. ఒక్కొక్కమారు ఎక్కువ రక్తమును నెట్టుట మొదటిది. ఎక్కువ మార్లు కొట్టుకొనుట రెండవది. శ్రమకు అలవాటుపడిన గుండె మొదటి ఉపాయమును బాగుగా వాడుకొనును. అలవాటు తప్పిన గుండె రెండవదానిపైననే ఎక్కువగా ఆధారపడును. పెద్ద బిందెతో నీరు మోయువాడు నూతికి నాలుగుమార్లు పోయిన చాలును. చిన్న చెంబుతో మోయువాడు పలుమార్లు తిరుగవలెను. చేరవలసిన నీరు మాత్రము ఇరువురికి ఒక్కటే. కనుక మెట్లెక్కినప్పుడు కలిగి, కూర్చున్న కొలది నిమిషములలో అణగిపోవు దడ సామాన్యముగ రోగచిహ్నము కాదు. అది చిన్న చెంబుతో నీరు మోయుచున్న గుండె పడు తొందర.

ఈ చెంబు మరల బిందె కాగలదా? 1966లో అమెరికాలోని డల్లస్ నగరమున ఒక పరిశోధన జరిగినది. ఆరోగ్యవంతులైన అయిదుగురు ఇరువదేండ్ల యువకులను 3 వారములు మంచము దిగనీయక ఉంచిరి. ఆ స్వల్పకాలములోనే వారి శరీరము ప్రాణవాయువును వినియోగించుకొను గరిష్ఠశక్తి నాలుగవవంతుకు పైగా తగ్గిపోయెను. అసలు విశేషము తరువాత వచ్చినది. 30 సంవత్సరములు గడచిన పిదప ఆ అయిదుగురినే మరల పరీక్షించిరి. మంచముపై గడపిన 3 వారములలో పోయినంత శక్తి 30 ఏండ్ల వయోభారము వలన కూడ పోలేదు! పిమ్మట వారు నడక, మెల్లని పరుగు, సైకిలు త్రొక్కుట మున్నగువానిని 6 నెలలపాటు క్రమముగా పెంచుకొనుచు సాధన చేసిరి. వయస్సుతో పోయిన శక్తి వారికి తిరిగి వచ్చెను. ఆ మెరుగులో పెద్దపాలు కండరములది; వచ్చిన రక్తమునుండి ప్రాణవాయువును మునుపటికంటె బాగుగా గ్రహించుట అవి నేర్చుకొనెను. అయిదుగురి అనుభవము అందరికిని నియమము కాజాలదు. అయినను కూర్చుండుటవలన పోయినది ఓర్పుతో చాలవరకు తిరిగి రాగలదని చెప్పుటకు ఇది చక్కని నిదర్శనము.

ఇక ప్రారంభమునకు ముందు ఒక జాగ్రత్త. ఇదివరకే గుండెజబ్బు, పక్షవాతము, మధుమేహము, మూత్రపిండముల జబ్బు ఉన్నవారును, శ్రమించినప్పుడు రొమ్ములో నొప్పిగాని బిగువుగాని కలుగువారును, స్పృహ తప్పినవారును, కొద్దిపాటి నడకకే మితిమీరి ఆయాసపడువారును, కాళ్లు వాచువారును, కుటుంబములో చిన్నవయస్సుననే హఠాన్మరణము సంభవించినవారును మొదట వైద్యుని చూడవలెను. రక్తపోటు ఎంత ఉన్నదో తెలియనివారు ఒకమారు కొలిపించుకొనుట మేలు. ఈ లక్షణములు, జబ్బులు ఏవియు లేనివారు మెల్లని నడకను నిర్భయముగ ప్రారంభింపవచ్చును.

నాడిని లెక్కించుట ప్రతి ఇంటను తెలిసియుండదగిన విద్య. ఒక చేతి ముంజేయిపై, బొటనవ్రేలి మొదటికి కొంచెము దిగువను, రెండవచేతి చూపుడువ్రేలిని నడిమివ్రేలిని మెల్లగా ఆనించవలెను. బొటనవ్రేలితో చూడరాదు, దానిలోని నాడియే తగిలి లెక్క తప్పును. సెకనుల ముల్లు చూచుచు 30 సెకనులు లెక్కించి రెట్టింపు చేయవలెను. కొట్టుకొనుట క్రమము తప్పినట్లు తోచినచో పూర్తిగా ఒక నిమిషము లెక్కించుట మంచిది. ఉదయము నిద్రలేచిన వెంటనే, కాఫీకి పూర్వమే చూచిన లెక్క నమ్మదగినది. విశ్రాంతిలో పెద్దవారికి నిమిషమునకు 60 మొదలు 100 వరకు సామాన్యమని చెప్పుదురు. జ్వరము, నిద్రలేమి, కలత, పొగత్రాగుట దీనిని పెంచును. రక్తహీనతయు, థైరాయిడు గ్రంథి మితిమీరి పనిచేయుటయు కూడ పెంచును. ఊరక కూర్చున్నప్పుడు సైతము తరచు 100 దాటుచున్నచో కారణము వైద్యుడు తేల్చవలసినదే.

శ్రమించునప్పుడు నాడి ఎంతవరకు పోవచ్చును? 220 నుండి వయస్సును తీసివేయగా వచ్చినది గరిష్ఠవేగమను సూత్రము లోకమున బాగుగా ప్రచారములో నున్నది. ఆ ప్రకారము 50 ఏండ్లవారికి 170 వచ్చును. ఇది సగటు అంచనాయే గాని గీసిన గీటు కాదు. ఒకే వయస్సుగల ఇద్దరు ఆరోగ్యవంతుల నడుమ 20 వరకు భేదముండుట అరుదు కాదు. రక్తపోటునకు, గుండెజబ్బునకు ఇచ్చు బీటా బ్లాకర్లను మందులు వాడువారికి నాడి అంతగా పెరుగదు. వారికి ఈ సూత్రము పనికిరాదు. ఈ కాలపు చేతిగడియారములు నాడిని తామే లెక్కించి చూపుచున్నవి. ఉపయోగమే, కాని నడుచునప్పుడు చేయి కదలుటచేత అవియు అప్పుడప్పుడు పొరబడును. పైగా అంకెను మాటిమాటికి చూచి కలతపడినచో ఆ కలతయే నాడిని మరింత పెంచును. పెరిగిన అంకె కలతను పెంచును. ఈ చక్రములో పడినవారు కొన్నాళ్లు గడియారమును ఇంట విడిచి నడచుట మంచిది.

దానికి బదులు ఏ యంత్రము అక్కరలేని కొలత యొకటి కలదు. నడచుచు ప్రక్కవారితో వాక్యము వెంట వాక్యము ధారాళముగ మాటలాడగలుగవలెను. కాని పాట పాడుటకు మాత్రము ఊపిరి చాలరాదు. అదియే తగిన వేగము. హాయిగా పాడగలిగినచో ఇంకను కొంచెము వేగముగ నడువవచ్చును. రెండు మూడు మాటలకే ఊపిరి తెగినచో వేగము తగ్గించవలెను. మాటకు వీలుండి పాటకు వీలులేని ఈ నడక వేగమునే వైద్యులు మధ్యరకపు శ్రమ యందురు. మందులు వాడువారికిని ఈ కొలత పనికివచ్చును.

ఇప్పుడు ఆచరణ. మొదటివారము దినమునకు 10 నిమిషములు చాలును. అందులో తొలి 3 నిమిషములు, అనగా ఒక సినిమాపాట ముగియునంతసేపు, మిక్కిలి మెల్లగా నడువవలెను. ఆలోగా రక్తనాళములు విచ్చుకొని కండరములు వేడెక్కును. నడుమ 4 నిమిషములు మాటకు వీలైన వేగమున నడచి, చివరి 3 నిమిషములు మరల మెల్లగా నడువవలెను. గబాలున ఆగిపోరాదు. నడకలో కాళ్ల కండరములు రక్తమును పైకి నెట్టుచుండును. ఉన్నట్లుండి ఆగినచో రక్తము కాళ్లలో నిలిచి తలతిరుగవచ్చును. ఒడలు తేలికగా ఉన్నచో వారమువారమునకు నడిమి భాగమును 2, 3 నిమిషములు పెంచుకొనవచ్చును. ముందు కాలమును పెంచి, తరువాత వేగమును పెంచవలెను. రెండును ఒక్కసారి పెంచరాదు. ఇట్లు 2, 3 నెలలలో దినమునకు 30 నిమిషముల చొప్పున వారమునకు 5 దినములు నడువగలిగినచో, పెద్దవారికి కనీసము వారమునకు 150 నిమిషముల మధ్యరకపు శ్రమ కావలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పిన మట్టమును అందుకొన్నట్లే.

తొందర ఏల కూడదో కూడ చెప్పవలెను. హఠాత్తుగా చేసిన తీవ్రశ్రమ కొన్ని యెడల గుండెపోటునకు ప్రేరణ కావచ్చుననియు, ఆ ముప్పు శ్రమకు అలవాటులేనివారికే మిక్కిలి ఎక్కువయనియు, నిత్యము శ్రమించువారికి చాల తక్కువయనియు 1993లో ప్రకటితమైన పరిశోధనలు తెల్పినవి. కనుక అలవాటు లేకుండ పందెమునకు పరుగెత్తుట, బరువైన బియ్యపుబస్తా ఊపిరి బిగబట్టి ఎత్తుట తగదు. బరువు ఎత్తునప్పుడు ఊపిరి వదలుచుండవలెను. బిగబట్టినచో రక్తపోటు ఒక్కసారిగ పెరుగును.

మన ప్రాంతమున ఎండను గూర్చి వేరుగ చెప్పవలెను. వేడిలో శరీరమును చల్లబరచుటకై గుండె చర్మమునకు కూడ రక్తమును పంపవలసి యుండును. అందుచేత అదే త్రోవ, అదే నడకయైనను రోహిణీకార్తెలో నాడి మరింత వేగముగ నడచును. అది శక్తి తగ్గినందున కాదు. ఆ దినములలో ప్రొద్దు పొడవకముందే నడచుటయో, ఇంటి వసారాలో నడచుటయో మేలు. ముందును తరువాతను నీరు త్రాగవలెను. భోజనము చేసిన వెంటనే వేగముగ నడువరాదు. జ్వరమున్న దినములలో పూర్తిగా మానవలెను. జ్వరము తగ్గిన పిమ్మట ఆపిన చోటనుండి గాక, రెండుమూడు మెట్లు వెనుకకు పోయి మొదలుపెట్టవలెను.

ఏ దడకు భయపడవలెను? రొమ్ముపై బరువు పెట్టినట్లు నొప్పి, ఎడమచేతికో దవడకో వీపునకో ప్రాకు నొప్పి, చల్లని చెమట, కన్నులు చీకట్లు క్రమ్ముట, క్రమము తప్పి టపటప కొట్టుకొనుట, కూర్చున్నను తగ్గని ఆయాసము, ఇవి కనిపించిన తక్షణమే ఆగి కూర్చుండవలెను. స్త్రీలకును మధుమేహము కలవారికిని నొప్పి లేకుండనే వికారము, విపరీతమైన నీరసము, ఆయాసము రూపమున గుండెపోటు రావచ్చును. కొలది నిమిషములలో తగ్గనిచో 108కి టెలిఫోను చేయవలెను. అజీర్తియేమో యని సోడా త్రాగుచు కాలము గడపరాదు. తానే బండి నడుపుకొని ఆసుపత్రికి పోవ యత్నింపరాదు. తగ్గిపోయినను, నడచినప్పుడెల్ల అట్లే కలుగుచున్నచో వైద్యునకు చూపించుకొనవలెను.

ఇట్టి లక్షణములు లేని దడకు మందు అభ్యాసమే. ఒక చిన్న పుస్తకములో వారమునకొకమారు ఉదయపు నాడిని, నడచిన నిమిషములను వ్రాసికొనుడని పాఠకులకు మా సూచన. మొదటి వారములలో మార్పేమియు కానరాకపోవచ్చును. కొన్ని నెలలకు ఉదయపు నాడి కొంత తగ్గినట్లును, మునుపు ఆయాసము తెచ్చిన మెట్లే ఇప్పుడు మాటలాడుచు ఎక్కగలుగుచున్నట్లును ఆ పుస్తకమే తెలుపును. ఇంటిలోని పెద్దలు ఒంటరిగ నడుచుటకు జంకినచో కుటుంబములో నొకరు కొన్నాళ్లు తోడు పోవలెను. ప్రక్కన మనిషి యున్న ధైర్యమును కలుగును. మాటకు వీలున్నదో లేదో పరీక్షించుటకును వేరొక సాధనము అక్కరలేదు.