బందరు అద్దకము: పేరు మిగులునా, పని మిగులునా?

నేడు బట్టల అంగళ్లలో ‘కలంకారీ’ యను మాట వినబడని చోటు లేదు. దుప్పటి కలంకారీ, తెర కలంకారీ, దిండు గలీబు కలంకారీ. పేరు ఇంతగా వ్యాపించుట బందరువారికి సంతోషకరమే. కాని ఆ పేర అమ్ముడుపోవుచున్న బట్టలలో ఎన్నింటికి అద్దకపువాని చేయి తగిలినది? ఇదియే మా సందేహము.

ఆంగ్లేయులు 1611లో బందరున వర్తకశాల నెలకొల్పిరి. గుట్టపై నిలిచిన వృక్షము, వంకర కొమ్మల నిండ పూవులు, పక్షులు గల మన పలంగుపోషులు క్రమముగా వారి శయనాగారములలో ప్రవేశించినవి. ఆ శతాబ్దముననే అచటి స్త్రీలు ఉన్నిదారముతో ముదుక బట్టపై అట్టి వృక్షములనే కుట్టి మంచములకు తెరలు కట్టుచుండిరి. ఆ కుట్టుపనిని ‘క్రూయెల్’ అందురు. వర్తకులు తమవారి అభిరుచికి తగిన నమూనాలను ఇటకు పంపుచుండిరి. ఇచటి పూవులు అచటి సూదికెక్కుచుండెను.

అయినను తమ నేతగాండ్ర కూటికి ముప్పు రాగానే ఆ దేశము ఊరకుండలేదు. 1700లో మన అద్దకపు బట్టల దిగుమతిని నిషేధించినది. 1721లో వానిని ధరించుటనే కాక, మంచములకు, కుర్చీలకు, కిటికీలకు వాడుటను సయితము నిషేధించినది. పిదప యంత్రములు వచ్చినవి. 1864 ఉప్పెన బందరును ముంచి వేలకొలది ప్రాణములను గొన్నది. 1868లో జర్మనులు ఎఱ్ఱరంగును రసాయనముగా తయారుచేయుటతో చిరివేరుకు గిరాకి తగ్గెను.

ఇన్ని దెబ్బలకును ఈ పని చావలేదు. గుడివాడనుండి బందరు పోవు రైలుదారిలోని పెడనలో నేటికిని టేకు అచ్చుల చప్పుడు వినవచ్చును. బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీట తడిపి ఆరవేయుదురు. ఇనుపతుప్పు, బెల్లము ఊరవేసిన నీటితో నలుపును, పటికతో ఎఱుపునకు ఆధారమును అద్దుదురు. పారునీట జాడించి, కాగులలో ఉడికించి, ఎండకు పఱతురు. పొలమునకు వచ్చు కాలువనీరే వీరికిని పెట్టుబడి. నీరు చెడినచో రంగును చెడును.

ఇంత శ్రమతో సిద్ధమైన నమూనాను స్క్రీను ముద్రణ కొలదికాలములో అనుకరించి తక్కువ వెలకు అంగడిలో పెట్టుచున్నది. నాడు పోటీ సముద్రమునకు ఆవల నుండెను. నేడది మన పొరుగుననే ఉన్నది. చౌకబట్టను అమ్ముట నేరమని మేమనము. దానిని చేతి అద్దకమని చెప్పి అమ్ముట మాత్రము మోసమే. బందరు కలంకారీకి భౌగోళిక గుర్తింపు లభించిన మాట నిజమే. కాని చట్టము ప్రతి అంగడిలో కాపలా కాయలేదు గదా!

కావున గుడివాడ, బందరు, దివిసీమల గృహస్థులకు మా విన్నపమొకటి. ఇంట శుభకార్యమునకు దుప్పట్లు, తెరలు కొనునపుడు, ఇది అచ్చు అద్దకమా, స్క్రీనా యని అడుగుడు. అచ్చునకు అచ్చు కలియు చోట కానవచ్చు చిన్న తడబాటును లోపమని త్రోసివేయకుడు. అది మనిషి చేతి సంతకము. పరాయి దేశము తన నేతగాని కొఱకు చట్టము చేసికొనెను. మన అద్దకపువాని కొఱకు మనము ఒక ప్రశ్న అడుగలేమా?