తాత నాటి బులెట్‌కు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్: పాయింట్లు తీసేముందు తెలుసుకోవాల్సినవి

చాలా ఇళ్లలో ఒక పాత బండి ఉంటుంది. దాదా కొన్న బులెట్టో, అబ్బా పెళ్లినాటి జావానో, బాబాయి నడిపిన యెజ్డీనో. ఇంట్లో కుర్రాళ్లు దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలనుకుంటారు. ఇంజన్ విప్పి రింగులు వేయిస్తారు, రంగు కొట్టిస్తారు, నికెల్ పాలిష్ చేయిస్తారు. అంతా అయ్యాక కూడా బండి పది కిక్కులకు గానీ లేవదు, ట్రాఫిక్‌లో ఉన్నట్టుండి ఆగిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు "పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ పెట్టించెయ్" అంటారు.

సలహా మంచిదే. కానీ డబ్బు ఖర్చు పెట్టేముందు అసలు ఏది మారుతోంది, దేనికి మారుతోంది అన్నది తెలిసి ఉండాలి. తెలియకుండా చేయిస్తే డబ్బుతో పాటు కాలి మడమ కూడా పోవచ్చు.

పాయింట్లు చేసే పని

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైన నాటి నుంచి దశాబ్దాల పాటు బులెట్ ఈ పద్ధతి మీదే నడిచింది. మైసూరులో తయారైన జావా, యెజ్డీలలో కూడా ఎక్కువ వాటికి ఇదే.

బ్యాటరీ నుంచి కరెంటు కాయిల్‌లోకి వెళ్తుంది. కాయిల్‌లో ఒక ఇనుప ముక్క చుట్టూ రెండు చుట్టలుంటాయి, ఒకటి లావు తీగతో, ఇంకోటి సన్న తీగతో వేలాది చుట్లు. లావు తీగలో కరెంటు పారుతున్నంతసేపూ కాయిల్ అయస్కాంతంలా మారుతుంది. ఆ కరెంటును ఒక్కసారిగా తెంచితే అయస్కాంత శక్తి కూలిపోయి, సన్న తీగలో వేల వోల్టుల కరెంటు పుడుతుంది. అదే ప్లగ్ దగ్గర నిప్పురవ్వ అవుతుంది.

సరైన క్షణంలో కరెంటును తెంచే స్విచ్చే పాయింట్లు. ఇంజన్‌తో పాటు తిరిగే చిన్న క్యామ్ దాన్ని తెరుస్తుంది, మూస్తుంది. బులెట్ నాలుగు స్ట్రోకుల బండి కాబట్టి రెండు చుట్లకు ఒక రవ్వ చాలు. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే పాయింట్లు సెకనుకు 25 సార్లు తెరుచుకోవాలి. జావా రెండు స్ట్రోకుల బండి, చుట్టుకో రవ్వ కావాలి, అంటే అదే వేగంలో సెకనుకు 50 సార్లు.

పక్కనే డబ్బీలా ఉండేది కండెన్సర్. పాయింట్లు తెరుచుకున్నప్పుడు అక్కడే రవ్వలు రాలి కాలిపోకుండా కాపాడేది అదే.

ఎక్కడ చెడుతుంది?

ఇంతగా కొట్టుకునే భాగం అరగక తప్పదు. పాయింట్ల మొహాలు గుంటలు పడతాయి. క్యామ్‌ను రాసుకునే ఫైబర్ మడమ అరిగి సందు తగ్గిపోతుంది. బులెట్‌లో ఆ సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. సందు మారితే టైమింగ్ కూడా మారిపోతుంది.

బులెట్ డిస్ట్రిబ్యూటర్‌లో ఇంకో భాగం ఉంది, దాని సంగతి చాలామందికి పట్టదు. వేగం పెరిగేకొద్దీ రవ్వ కాస్త ముందుగా రావాలి. ఆ పని చేసేవి రెండు చిన్న గుండ్లు, రెండు స్ప్రింగులు. దీన్నే ఆటో అడ్వాన్స్ అంటారు. ఏళ్లు గడిచి స్ప్రింగులు సాగిపోతే, బండి నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూడా రవ్వ ముందే వచ్చేస్తుంది. కిక్ కొట్టినప్పుడు పిస్టన్ పైకి చేరకముందే మంట అంటుకుని కిక్ రాడ్ వెనక్కి తంతుంది. బులెట్ వెనక్కి తన్నిందంటే మడమ వాచడం, ఒక్కోసారి ఎముక విరగడం కూడా ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు నడిపే బండి అయితే ఇది అన్నిటికంటే ముందు చూడాల్సిన సంగతి.

ముందు రోగం కనిపెట్టాలి

బండి సరిగ్గా లేవకపోతే తప్పంతా పాయింట్లదే అనుకోకూడదు. కిట్ కొనేముందు ఇవి చూడాలి:

- బ్యాటరీ నిండుగా ఉందా? దాని తీగలు, బాడీకి వేసిన ఎర్త్ గట్టిగా ఉన్నాయా?
- డైనమో లేదా ఆల్టర్నేటర్ బ్యాటరీని చార్జ్ చేస్తోందా?
- చీకట్లో చూస్తే పాయింట్ల మధ్య పెద్ద పెద్ద పసుపు రవ్వలు రాలుతున్నాయా? రాలుతుంటే కండెన్సర్ పోయినట్టే. అది చవకగా అయిపోయే రిపేరు.
- బండి వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ లేస్తోందా? కాయిల్ మీద, కండెన్సర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు.
- డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్‌ను వేళ్లతో ఊపితే ఊగుతోందా? బుష్ అరిగితే ఏ కిట్ పెట్టినా టైమింగ్ నిలకడగా ఉండదు.
- కార్బురేటర్‌లో చెత్త, ఇంజన్ కంప్రెషన్ కూడా చూడాలి.

ఇవన్నీ బాగుండి కూడా నెలనెలా సందు సరిచేయాల్సి వస్తోందంటే అప్పుడు ఎలక్ట్రానిక్ గురించి ఆలోచించాలి.

కిట్‌లో ఏముంటుంది?

పాయింట్ల చోట ఒక చిన్న అయస్కాంతం తిరుగుతుంది. అది ఒక సెన్సార్ ముందు నుంచి వెళ్లినప్పుడల్లా మాడ్యూల్‌కు కబురు అందుతుంది. కాయిల్ కరెంటును తెంచేది ఆ మాడ్యూలే. ఒకదాన్నొకటి రాసుకునే భాగం లేదు కాబట్టి అరిగేది లేదు. ఒకసారి టైమింగ్ పెడితే చాలా కాలం కదలదు.

కిట్లు రెండు రకాలు. ఒక రకం పాయింట్లను మాత్రమే తీసేస్తుంది, పాత ఆటో అడ్వాన్స్ అలాగే ఉంటుంది. కాబట్టి స్ప్రింగులు సాగి ఉంటే ఆ జబ్బు అలాగే మిగిలిపోతుంది. రెండో రకంలో అడ్వాన్స్ పని కూడా మాడ్యూలే చూసుకుంటుంది. బ్రిటన్‌లోని బోయర్ బ్రాన్స్‌డెన్ లాంటి కంపెనీలు పాత బ్రిటిష్ బళ్లకు చాలా కాలంగా ఇలాంటివి చేస్తున్నాయి.

జావాల సంగతి వేరు. అవి 6 వోల్టుల బళ్లు, పాయింట్లు డైనమో దగ్గరే ఉంటాయి. చెక్ కంపెనీ వేప్ చేసే సెట్‌లలో డైనమో మొత్తం పోయి కొత్త మాగ్నెట్, కొత్త స్టేటర్ వస్తాయి. బండి 12 వోల్టులకు మారుతుంది. అప్పుడు బల్బులు, హారన్, బ్యాటరీ అన్నీ మార్చాల్సిందే. కిట్ ధర ఒక్కటే లెక్క వేసుకుంటే మధ్యలో డబ్బు సరిపోదు.

బిగించేటప్పుడు

మొదటిది, కాయిల్ కొలత. పాత కాయిల్ 3 ఓమ్‌లు ఉంటే 12 వోల్టులకు 4 ఆంపియర్లు లాగుతుంది. 1.5 ఓమ్‌ల కాయిల్ పెడితే 8 ఆంపియర్లు లాగుతుంది. మాడ్యూల్ అంత మోయలేకపోతే కాలిపోతుంది. కిట్ కాగితంలో రాసిన ఓమ్‌లకు సరిపడే కాయిలే వాడాలి.

రెండోది, ఎర్త్. పాత బ్రిటిష్ బళ్లలో చాలావాటికి బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది. చూసుకోకుండా తీగలు కలిపితే కొత్త మాడ్యూల్ మొదటి నిమిషంలోనే పోతుంది.

మూడోది, ప్లగ్ క్యాప్. రేడియో గోలను అణిచే రెసిస్టర్ ఉన్న క్యాప్ వాడమని ఎక్కువ కిట్లు చెబుతాయి. లేకపోతే ఆ గోల సెన్సార్‌ను తికమక పెడుతుంది.

నాలుగోది, టైమింగ్. పాయింట్ల మధ్య సిగరెట్ కాగితం పెట్టి లాగి చూసే పాత పద్ధతి ఇక్కడ పనికిరాదు. మొదట పిస్టన్‌ను మాన్యువల్ చెప్పిన చోట నిలిపి, తర్వాత ఇంజన్ నడుస్తుండగా స్ట్రోబ్ లైట్‌తో చూసి సరిచేయాలి. స్ట్రోబ్ లేని మెకానిక్ చేతికి ఈ పని ఇవ్వకపోవడమే మంచిది.

ఇంకో జాగ్రత్త: రవ్వ వస్తోందా అని చూడటానికి ప్లగ్ విప్పి గాలిలో వేలాడదీసి కిక్ కొట్టకూడదు. ప్లగ్ ఇంజన్ ఇనుముకు తగిలి ఉండాలి. లేకపోతే ఆ వేల వోల్టులు దారి లేక కాయిల్‌నో మాడ్యూల్‌నో కాల్చేస్తాయి. బండికి వెల్డింగ్ చేయించాల్సి వస్తే ముందు మాడ్యూల్ తీగలు విప్పేయాలి.

కిక్ అలవాటు మారాలి

పాత బులెట్ నడిపిన వాళ్లకు ఆంపియర్ మీటర్ చూసి కిక్ కొట్టడం అలవాటు. కిక్ నెమ్మదిగా నొక్కుతూ పోతే, పాయింట్లు తెరుచుకోగానే ముల్లు మధ్యకు వస్తుంది. అప్పుడు డీకంప్రెషన్ లివర్ లాగి, కాస్త ముందుకు నొక్కి, లివర్ వదిలేసి ఒక్కసారి గట్టిగా కొడతారు. ఎలక్ట్రానిక్ పెట్టాక చాలా కిట్లలో ముల్లు అలా చెప్పదు. కాలికి తగిలే కంప్రెషన్‌ను బట్టే ఆ చోటు పట్టుకోవాలి. ఈ మాట బండి నడిపే పెద్దాయనకు ముందే చెప్పాలి.

బ్యాటరీ విషయంలో కూడా పాయింట్లది ఓర్పు ఎక్కువ. బ్యాటరీ నీరసంగా ఉన్నా తోసి స్టార్ట్ చేసుకోవచ్చు. కొన్ని మాడ్యూళ్లు వోల్టేజీ తగ్గితే రవ్వను తప్పు సమయంలో ఇస్తాయి, లేదా అసలు ఇవ్వవు. పాయింట్లు చెడితే ఊళ్లో మెకానిక్ పదినిమిషాల్లో రుద్ది పంపిస్తాడు. మాడ్యూల్ పోతే కొత్తది తెచ్చేదాకా బండి కదలదు.

పాత సామాను దాచుకోండి

తీసిన పాయింట్లు, కండెన్సర్, అడ్వాన్స్ గుండ్లు, క్యామ్ అన్నీ ఒక డబ్బాలో పెట్టి దాచాలి. పాత తీగలు కోయకుండా కొత్త తీగలు కలపమని చెప్పాలి. రేపు మాడ్యూల్ పోతే గంటలో బండి పాత దారిన పడుతుంది.

దీనికి చట్టం వైపు నుంచి కూడా ఒక కారణం ఉంది. 50 ఏళ్లు దాటిన బళ్లను వింటేజ్ కింద 'వీఏ' అక్షరాలతో రిజిస్టర్ చేసే నిబంధనలను కేంద్రం 2021లో తెచ్చింది. బండి అసలు రూపంలోనే ఉండాలని, చాసీ, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదని అందులో ఉంది. ఆ దారిలో వెళ్లాలనుకునే వాళ్లు డిస్ట్రిబ్యూటర్ మూత కింద దాగే, ఎప్పుడైనా తిరిగి తీసేయగలిగే కిట్‌నే ఎంచుకోవడం తెలివైన పని.

మరి ఎవరికి ఏది? పండగకో, పెళ్లికో బయటికి తీసే బండి అయితే కొత్త పాయింట్లు, మంచి కండెన్సర్, కొత్త అడ్వాన్స్ స్ప్రింగులు చాలు. రోజూ ఆఫీసుకో, దుకాణానికో వెళ్లే బండి అయితే ఎలక్ట్రానిక్ పెట్టిన ఖర్చు వృథా పోదు. ఏది చేయించినా చార్జింగ్, ఎర్త్ తీగలు సరిచేయించాకే కిట్ డబ్బా తెరవాలి.