తాళం తిప్పితే టక్‌మని ఆగిపోతే

కారు మొరాయించిందని ఫోన్ చేస్తే మెకానిక్ ముందుగా అడిగేది ఒకటే: "సెల్ఫ్ కొడుతోందా?" చాలామంది "ఏమో, స్టార్ట్ కావట్లేదు" అంటారు. ఆ జవాబుతో అతనికి ఏమీ తెలియదు. ఇంజిన్ గిరగిరా తిరిగినా అందుకోకపోతే లోపం పెట్రోలు దగ్గరో, స్పార్కు దగ్గరో ఉన్నట్టు. ఇంజిన్ అసలు కదలకపోతే సంగతి వేరు. ఈ వ్యాసం ఆ రెండోదాని గురించి. అందులోనూ బండి చేసే చప్పుడు ఒక్కలా ఉండదు. ఒక్కోసారి టకటకటకమని వరసగా కొట్టుకుంటుంది. ఒక్కోసారి ‘టక్’మని ఒక్క దెబ్బ కొట్టి ఊరుకుంటుంది. ఒక్కోసారి ఉలుకూ పలుకూ ఉండదు. ఈ తేడా పట్టుకోగలిగితే లోపం ఎక్కడుందో సీట్లో కూర్చునే చాలావరకు చెప్పేయొచ్చు. ఆ పని చేయకుండా నేరుగా సెల్ఫ్ మోటారు విప్పి కొత్తది బిగించడం మన దగ్గర మామూలైపోయింది. వేలకు వేలు పోసినా నాలుగు రోజులకు బండి మళ్లీ నిలబడిపోతుంది. చాలాసార్లు తప్పు మోటారుది కాదు మరి.

పాత అంబాసిడర్ తోలినవాళ్లకు కారు ముందు వంగి ఇనుప హ్యాండిల్‌తో ఇంజిన్ తిప్పడం గుర్తుండే ఉంటుంది. ఇంజిన్ ఎదురు తంతే మణికట్టు విరిగేది. ఆ బాధ తప్పించినవాడు అమెరికాలోని డేటన్ నగరంలో పనిచేసిన ఇంజినీరు చార్లెస్ కెటరింగ్. ఆయన రూపొందించిన విద్యుత్ స్టార్టర్ 1912 మోడల్ క్యాడిలాక్ కార్లలో వచ్చింది. ఇంజిన్‌ను తిప్పగలిగేంత మోటారు పెట్టాలంటే కారులో చోటు చాలదు కదా అన్నది అప్పటి సందేహం. గంటల తరబడి తిరగాల్సిన మోటారైతే ఆ సందేహం న్యాయమైనదే. కెటరింగ్ అంతకుముందు దుకాణాల్లో వాడే క్యాష్ రిజిస్టరుకు మోటారు అమర్చినవాడు. కాసేపే తిరిగే మోటారు చిన్నదైనా సరే, దాని శక్తికి మించిన పని చేయించవచ్చు, అది వేడెక్కేలోపే పని పూర్తవుతుందన్న ఎరుక ఆయనకు ఆ అనుభవం నుంచి వచ్చింది.

నేటి సెల్ఫ్ మోటారు కూడా ఆ ఒక్క ఆలోచన మీదే బతుకుతోంది. చిన్న పెట్రోలు కారులో దాని సామర్థ్యం ఒక కిలోవాట్‌కు అటూ ఇటూ. ఇంట్లో 2 కిలోవాట్ల గీజరు తీసుకునేది 9 ఆంపియర్ల లోపే. సెల్ఫ్ మాత్రం 12 వోల్టుల బ్యాటరీ నుంచి 100 మొదలు 200 ఆంపియర్ల దాకా లాగుతుంది. డీజిల్ బండిలో ఇంకా ఎక్కువ. మోటారు తిరగడం మొదలయ్యాక దానిలోనే ఎదురు వోల్టేజీ పుట్టి ఈ కరెంటుకు పగ్గం వేస్తుంది. నిలిచి ఉన్న మోటారుకు ఆ పగ్గం ఉండదు. అందుకే కదలబోయే క్షణంలో లాగే కరెంటే అన్నిటికన్నా ఎక్కువ. మోటారు తిరగకపోయినా తాళం అలాగే పట్టుకుని ఉంటే లోపలి చుట్టలు మాడిపోయేది కూడా ఇందుకే. ఎప్పుడైనా పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకూడదు, మళ్లీ కొట్టే ముందు కాసేపు ఆగాలి.

ఇంత కరెంటు తాళం స్విచ్చులోంచి పోతే స్విచ్చు కరిగిపోతుంది. కాబట్టి తాళం చిన్న కరెంటు పంపి, మోటారు వీపు మీద కూర్చున్న సోలినాయిడ్‌ను మాత్రమే లేపుతుంది. మన ‘టక్’ పుట్టేది అక్కడే. సోలినాయిడ్‌లో రెండు తీగచుట్టలుంటాయి. ఒకటి లాగే చుట్ట, బలమైనది, కరెంటు ఎక్కువగా తాగుతుంది. రెండోది పట్టి ఉంచే చుట్ట, బలం తక్కువ. తాళం తిప్పగానే రెండూ కలిసి ఒక ఇనుప కడ్డీని లోపలికి లాగుతాయి. ఆ కదలికకు మోటారు పినియన్ (చిన్న పళ్లచక్రం) ముందుకు జరిగి ఇంజిన్ ఫ్లైవీల్ పళ్లలో పడుతుంది. అదే సమయంలో కడ్డీ చివరి రాగి బిళ్ల రెండు లావుపాటి బోల్టులకు ఆనుకుని, బ్యాటరీని మోటారుతో కలుపుతుంది. అలా కలిసిన మరుక్షణం లాగే చుట్ట రెండు కొసలకూ ఒకే వోల్టేజీ చేరుతుంది. దానిలో కరెంటు ఆగిపోతుంది. ఇక కడ్డీని పట్టుకునే భారమంతా బలం తక్కువైన రెండో చుట్టదే.

బ్యాటరీ డౌన్‌లో ఉందనుకుందాం. కడ్డీని లాగేపాటి శక్తి దానిలో ఉంది. రాగి బిళ్ల ఆనుకుంది, టక్. మోటారు ఒక్కసారిగా వందల ఆంపియర్లు అడిగింది. వోల్టేజీ దభాల్న పడిపోయింది. పట్టి ఉంచే చుట్టకు ఆ వోల్టేజీ చాలలేదు. స్ప్రింగు కడ్డీని వెనక్కి తోసింది. మోటారు విడిపోవడంతో బ్యాటరీ మళ్లీ తేరుకుంది, లాగే చుట్ట మళ్లీ లాగింది, టక్. ఇదే సెకనులో అనేకసార్లు జరిగితే వినిపించేది టకటకటక. కాబట్టి ఆ వరస చప్పుడు వినిపిస్తే మోటారును అనుమానించకండి. అనుమానించాల్సింది బ్యాటరీనో, దాని టెర్మినళ్లనో.

"మీటరు పెట్టి చూశాం, 12 వోల్టులు చూపిస్తోంది, బ్యాటరీ బాగానే ఉంది" అన్న మాట నేను చాలాచోట్ల విన్నాను. మోసమంతా ఆ మాటలోనే ఉంది. ఊళ్లో రైతులంతా ఒకేసారి బోరు మోటార్లు వేస్తే ఇంట్లో బల్బు మసకబారడం పల్లెలో పెరిగిన ఎవరికైనా తెలుసు. మోటార్లన్నీ ఆగి ఉన్నప్పుడు కొలిస్తే ఆ లైనులో లోపమే కనిపించదు. బ్యాటరీ కూడా అంతే. నిండుగా చార్జ్ అయి, పని లేకుండా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపాలి. 12.2 అంటే సగమే ఉన్నట్టు. అసలు పరీక్ష సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఉంది. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, పక్కన ఒకరిని తాళం తిప్పమని బ్యాటరీ మీద మీటరు చూడండి. 9.6 వోల్టుల కిందికి జారితే బ్యాటరీ పని అయిపోవస్తున్నట్టే, చార్జింగ్ పెట్టి మళ్లీ చూడాలి. మన ఎండలు బ్యాటరీల ఆయుష్షును కోసేస్తాయి. వేడికి లోపలి సీసపు జాలీ త్వరగా తినుకుపోతుంది, నీరు ఆవిరవుతుంది.

బ్యాటరీ గట్టిగా ఉండి కూడా మోటారు తిరగకపోతే దారిలో ఎక్కడో అడ్డు ఉందన్నమాట. దారిలో 0.02 ఓమ్‌ల నిరోధం చాలు, 150 ఆంపియర్లు పారుతున్నప్పుడు 3 వోల్టులు అక్కడే మాయమైపోతాయి. అంత చిన్న నిరోధాన్ని మామూలు మీటరు పట్టుకోలేదు. పట్టుకునే ఉపాయం ఇది. మీటరు ఒక కొస బ్యాటరీ పాజిటివ్ కణుపు మీద, రెండో కొస సెల్ఫ్ మోటారు లావు బోల్టు మీద ఆనించి తాళం తిప్పించాలి. అర వోల్టుకు మించి చూపితే ఆ వైరులోనో, దాని కొసల్లోనో లోపముంది. తర్వాత నెగటివ్ కణుపుకూ ఇంజిన్ ఇనుముకూ మధ్య ఇదే పని చేయాలి. అక్కడ 0.3 వోల్టు దాటకూడదు. సెల్ఫ్ కొట్టాక టెర్మినల్ మీద జాగ్రత్తగా వేలు పెట్టి చూస్తే చుర్రుమంటుందేమో, అదీ ఒక సాక్ష్యమే.

టెర్మినల్ పైన తెల్లటి, పచ్చటి పొడి కనిపిస్తే అందరూ తుడుస్తారు. అసలు చూడాల్సింది క్లాంపు లోపలి గోడ. ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పి చూస్తే సీసపు కణుపు చుట్టూ నల్లటి, సన్నని పొర కనిపిస్తుంది. పైకి బిగుతుగా ఉన్నా లోహానికి లోహం తగలనివ్వనిది ఆ పొరే. వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, గరుకు కాగితంతో రెండువైపులా లోహం మెరిసేదాకా రుద్దాలి. బిగించేటప్పుడు నెగటివ్ చివర. పైన కాస్త వ్యాసలిన్ రాస్తే కొన్నాళ్లు పొడి పట్టదు.

ఎర్త్ వైరును చాలామంది మరిచిపోతారు. ఇంజిన్ రబ్బరు దిమ్మెల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి, దాన్ని బాడీకో బ్యాటరీకో కలిపే అల్లిక తీగ ఒకటి ఉంటుంది. అది తుప్పు పట్టి తెగితే కరెంటు వేరే దారులు వెతుక్కుంటుంది. పాత బండ్లలో యాక్సిలరేటర్ కేబుల్‌లోంచో, గేర్ కేబుల్‌లోంచో పారి దాన్ని కాల్చేస్తుంది. సెల్ఫ్ కొట్టాక కేబుల్ వేడిగా తగిలితే ఎర్త్ వైరు చూడండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, హెడ్‌లైట్లు పెద్దగా మసకబారకుండా, ఒక్క ‘టక్’ మాత్రమే వినిపిస్తే అప్పుడు మోటారు వైపు తిరగాలి. రాగి బిళ్ల కాలి గుంటలు పడి ఉండొచ్చు. బ్రష్షులు అరిగి ఆర్మేచర్‌ను తాకకుండా ఉండొచ్చు. చెక్క పిడితో మోటారు మీద తడితే ఒక్కోసారి తిరుగుతుంది, ఇరుక్కున్న బ్రష్షు జారి తాకడం వల్ల. ఇంటికి చేరడానికే అది పనికొస్తుంది. బ్రష్షుల సెట్టు మార్చి, బిళ్ల సరిచేయగల ఆటో ఎలక్ట్రీషియన్ ఇప్పటికీ చాలా ఊళ్లలో ఉన్నాడు. మొత్తం మోటారు మార్చే ముందు అతనికి చూపించడం మేలని నా గట్టి అభిప్రాయం. హెడ్‌లైట్లు వెలుగుతూ చప్పుడే లేకపోతే చిన్న కరెంటు సోలినాయిడ్ దాకా చేరడం లేదు. క్లచ్ పూర్తిగా తొక్కారా, ఆటోమేటిక్ అయితే పార్కింగ్‌లో ఉందా, డ్యాష్‌బోర్డు మీద తాళంబొమ్మ లైటు మెరుస్తోందా చూసి, ఆపై రిలే, ఫ్యూజు.

వరదలో మునిగిన బండి విషయం మాత్రం వేరుగా చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ కాలనీలను ముంచినప్పుడు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అలాంటి బండిలోనూ వినిపించేది ఒక్క ‘టక్’ కావచ్చు. గాలి అయితే పిస్టన్ ఒత్తిడికి అణుగుతుంది, నీరు అణగదు. సిలిండర్‌లో నీరుండగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోవచ్చు. తాళం ముట్టుకోకుండా ముందు బ్యాటరీ నెగటివ్ విప్పేయాలి. స్పార్కు ప్లగ్గులు, డీజిల్ అయితే గ్లో ప్లగ్గులో ఇంజెక్టర్లో తీయించి, క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి చేత్తో నెమ్మదిగా తిప్పిస్తే నీరు ఆ రంధ్రాల్లోంచి బయటికి వస్తుంది. ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే నీరు కలిసినట్టే, మార్చాలి. సెల్ఫ్ మోటారు ఇంజిన్‌కు కిందివైపు ఉంటుంది కనుక బురద దానిలోకీ చేరుతుంది. ఈ ఒక్క సందర్భంలో మాత్రం కొట్టి చూడకముందే దాన్ని విప్పించి, బ్రష్షుల దగ్గర బురద తుడిపించి, ఆరబెట్టి బిగించమనండి.