తలుపు తీయాల్సింది మీరే!

భయమంటే ఎవరికిష్టం? ఎవరికీ ఉండదనే అనుకుంటాం. కానీ మంచి దెయ్యం సినిమా వస్తే సెకండ్ షోకి కూడా హాలు నిండిపోతుంది. 'తులసిదళం' సీరియల్‌గా వచ్చిన రోజుల్లో వారపత్రిక కోసం ఎదురుచూసి, చదివి, ఆ రాత్రి లైటు ఆర్పకుండా పడుకున్న అమ్మలూ, పిన్నులూ మన ఇళ్ళల్లోనే ఉన్నారు. భద్రంగా ఇంట్లో కూర్చుని భయపడటంలో ఓ సరదా ఉంది. మిరపకాయ బజ్జీ తిని కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ఇంకోటి అందుకోవడం లాంటిదన్నమాట!

ఇప్పటి పిల్లలు ఆ సరదాని వీడియో గేముల్లో వెతుక్కుంటున్నారు. గది తలుపులు వేసుకుని, లైటు తీసేసి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మరీ ఆడతారు. ఈ రకం ఆటల్ని 'సర్వైవల్ హారర్' అంటారు. శత్రువుల్ని చంపి పాయింట్లు కొట్టడం కాదు, భయంకరమైన చోటు నుంచి ప్రాణాలతో బయటపడటమే ఇందులో గెలుపు. పక్కనుంచి చూసేవాళ్ళకి తెరమీద రక్తం, కుళ్ళిన శవాలు, వికారమైన ఆకారాలే కనిపిస్తాయి. "ఛీ, ఇదేం ఆటరా!" అనాలనిపిస్తుంది.

కానీ ఆడేవాళ్ళని అడిగి చూడండి. "దెయ్యం కనపడ్డాక భయం తగ్గిపోతుందత్తా, కనపడక ముందే ఎక్కువ" అన్నాడు మా అన్నయ్య కొడుకు. కథలు రాసేదాన్ని కదా, భయం ఎక్కడ పుడుతుందో తెలుసుకోవాలనిపించింది. వాడి పక్కన కూర్చుని కొన్ని ఆటలు చూశాను. వాటి పుట్టుపూర్వోత్తరాలు చదివాను. అర్థమైందేమిటంటే, అసలు భయం దెయ్యంలో లేదు. దాన్ని ఎదుర్కోవడానికి మన చేతిలో ఏముంది, ఎంతుంది అన్న లెక్కలో ఉంది.

కళ్ళు మూసుకుంటే కుదరదు

రామ్‌గోపాల్ వర్మ 1992లో తీసిన 'రాత్రి' సినిమా చాలామందికి గుర్తుండే ఉంటుంది. భయం వేసినప్పుడు పైట చెంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంటే సరిపోయేది. మనం చూసినా చూడకపోయినా సినిమా నడిచిపోతుంది. ఆ చీకట్లోకి వెళ్ళేది రేవతి, మనం కాదు.

ఆటలో అలా కుదరదు. మీరు కళ్ళు మూసుకుంటే కథ అక్కడే ఆగిపోతుంది. ఎదురుగా తలుపు అలాగే ఉంటుంది. అవతల ఏముందో తెలీదు. తెరిచి లోపలికి వెళ్తే తప్ప ముందుకు దారి లేదు. ఆ తలుపు మీ చేత్తో మీరే తీయాలి!

జపాన్‌కి చెందిన క్యాప్‌కామ్ సంస్థ 1996లో 'రెసిడెంట్ ఈవిల్' అనే ఆటని తెచ్చింది. షింజి మికామి దాని దర్శకుడు. జపాన్‌లో దాని పేరు 'బయోహజార్డ్'. 'సర్వైవల్ హారర్' అన్న మాట వాడుకలోకి వచ్చింది దీంతోనే. అడవి మధ్య ఓ పాత బంగళా, అందులో చిక్కుకున్న పోలీసు దళం, గదుల్లో తిరిగే శవాలు... ఇదీ కథ. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళేటప్పుడు డిస్కులోంచి కొత్త గదిని తెచ్చుకోవడానికి యంత్రానికి కొన్ని క్షణాలు పట్టేది. ఆ క్షణాల్లో తెరంతా నల్లగా చేసి, ఒక్క తలుపు మాత్రమే కిర్రుమంటూ మెల్లగా తెరుచుకుంటున్నట్టు చూపించారు. యంత్రానికున్న లోపం ఆటకి ప్రాణమైంది. ఆ కాసేపట్లో ఆడేవాడి ఊహ ఎన్ని పోకలు పోతుందో చెప్పలేం!

అదే ఆటలో ఓ పొడవాటి వరండా ఉంటుంది. నడుస్తుంటే హఠాత్తుగా కిటికీ అద్దాలు బద్దలుకొట్టుకుని కుక్కలు లోపలికి దూకుతాయి. గుండె ఝల్లుమంటుంది. అయితే ఆ ఉలికిపాటు నిమిషంలో పోతుంది. పోనిదల్లా ఆ తర్వాత మిగిలే అనుమానం. ఇక ఆ బంగళాలో ఏ కిటికీ పక్కనుంచి నడవాలన్నా అడుగు తడబడుతుంది. అక్కడ ఏమీ ఉండదు. అయినా సరే! ఒక్క కుక్కతో పది కిటికీల భయం పుట్టించడమంటే ఇదే.

నెలాఖరు లెక్కలు

ఇక అసలు సంగతికొద్దాం. ఆ ఆటలో క్రిస్ అనే పాత్రని ఎంచుకుంటే ఒంటిమీద ఆరు వస్తువులకే చోటు. జిల్ అనే అమ్మాయిని ఎంచుకుంటే ఎనిమిది. తుపాకీ ఒకటి, దాని తూటాలు ఒకటి, గాయం మాన్పే ఆకు ఒకటి... అప్పుడే సగం నిండిపోయింది. దారిలో తాళంచెవి దొరికితే దేన్ని వదిలేయాలి? తూటాలు లెక్క ప్రకారమే దొరుకుతాయి. ఎదురొచ్చిన ప్రతిదాన్నీ కాల్చుకుంటూ పోతే తర్వాత ఒట్టి చేతులే.

ఆఖరికి అక్కడిదాకా ఆడిన ఆటని దాచుకోవాలన్నా పొదుపే. పాత టైప్‌రైటర్ దగ్గరికి వెళ్ళి, సిరా రిబ్బన్ ఒకటి ఖర్చుపెట్టాలి. రిబ్బన్లు కొన్నే ఉంటాయి. ఇప్పుడు వాడేయాలా? ఇంకాస్త ముందుకెళ్ళి చూడాలా? చచ్చిపోతే గంటసేపు పడ్డ కష్టం గంగలో కలిసినట్టే. భయం నిజంగా పుట్టాలంటే పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా!

2002లో మికామియే ఈ ఆటని మళ్ళీ కొత్తగా తయారుచేశాడు. ఈసారి ఇంకో మెలిక పెట్టాడు. పడిపోయిందనుకున్న శవం కొంతసేపటికి ఇంకా ఉగ్రంగా లేచి వెంటపడుతుంది. లేవకుండా ఉండాలంటే తల ఎగిరిపోయేలా కాల్చాలి, లేదా కిరోసిన్ పోసి తగలబెట్టాలి. ఆ కిరోసిన్ కూడా కొద్దిగానే దొరుకుతుంది! ఏ శవాన్ని కాల్చాలి, దేన్ని వదిలేసి చుట్టు తిరిగి వెళ్ళాలి అని ఆలోచించుకోవాలి.

ఇది చదువుతుంటే మీకు ఏమనిపిస్తోంది? రేషన్ కిరోసిన్‌ని సీసాతో కొలిచి వాడిన అమ్మల్ని చూసినవాళ్ళం, నెలాఖరులో చుట్టాలొస్తే గ్యాస్ సిలిండర్‌ని అటూ ఇటూ కదిపి బరువు చూసేవాళ్ళం... ఈ లెక్క మనకి ఒకరు నేర్పాలా? ఉన్న కొంచెం ఇప్పుడు ఖర్చు పెట్టాలా, రేపటికి ఉంచాలా అన్న గుంజాటన మన వంటింటికి పాత చుట్టమే. రాక్షసుడి కోరలకన్నా ఖాళీ డబ్బా ఎక్కువ భయపెడుతుందన్నది ఆట తయారుచేసినవాళ్ళు కనిపెట్టిన రహస్యం.

దీనికి రుజువు కూడా ఉంది. ఇదే వరసలో 2009లో వచ్చిన అయిదో ఆట, 2012లో వచ్చిన ఆరో ఆట కాల్పులతో, పేలుళ్ళతో యుద్ధం సినిమాల్లా తయారయ్యాయి. రాక్షసులు పెరిగారు, భయం తగ్గిందని అభిమానులే పెదవి విరిచారు. 2017లో వచ్చిన ఏడో ఆట మళ్ళీ ఒక్క పాడుబడ్డ ఇంటికి, కనిపించకుండా పోయిన భార్యని వెతుక్కుంటూ వచ్చిన ఓ మామూలు మనిషికి తిరిగొచ్చింది. భయమూ తిరిగొచ్చింది.

కనిపించనిదే కొండంత

1999లో కొనామి సంస్థ 'సైలెంట్ హిల్' అనే ఆటని విడుదల చేసింది. ఊరంతా దట్టమైన మంచు. నాలుగడుగుల అవతల ఏముందో తెలీదు. ఆ రోజుల్లో ప్లేస్టేషన్‌కి దూరంగా ఉన్న వీధులన్నీ ఒకేసారి బొమ్మ కట్టి చూపించే శక్తి లేదు. ఆ కొరత కనపడకుండా మంచు కప్పారు. ఆ మంచే ఆ ఆటకి పేరు తెచ్చింది.

అందులో కథానాయకుడి జేబులో ఓ చిన్న రేడియో ఉంటుంది. ఏదైనా భూతం దగ్గరికొస్తుంటే అది గరగరమంటుంది. రాబోతోందని తెలుస్తుంది, ఎటునుంచో తెలీదు. పూర్తిగా తెలియకపోతే నిశ్చింతగా ఉండేవాళ్ళం. పూర్తిగా తెలిస్తే ఏదో ఒకటి చేసేవాళ్ళం. సగం తెలియడమే నరకం! రాత్రి పదయినా ఇంటికి రాని మనిషి కోసం ఎదురుచూస్తూ, గేటు చప్పుడైన ప్రతిసారీ లేచి చూసిన ఏ ఇల్లాలినడిగినా ఇది చెబుతుంది.

వీరులు కారు, మామూలు మనుషులు

'సైలెంట్ హిల్' నాయకుడు హ్యారీ మేసన్ సైనికుడు కాదు, కథలు రాసుకునే మనిషి. తప్పిపోయిన ఏడేళ్ళ కూతురు షెరిల్ కోసం వెతుకుతుంటాడు. ఆ పిల్ల అతను పెంచుకున్న బిడ్డ. తుపాకీ గురి కుదరదు, కాస్త దూరం పరిగెడితే ఆయాసం వస్తుంది. కూతురి కోసం వచ్చాడు కాబట్టి వెనక్కి తిరిగి పారిపోలేడు. 'భయం వేస్తే వెళ్ళిపోవచ్చుగా' అన్న ప్రశ్నకి ఆ బిడ్డే జవాబు.

అన్నట్టు, ఈ ఆటల్లో కొన్నిటిలో ప్రధాన పాత్రలు ఆడపిల్లలే! 1995లో జపాన్‌లో వచ్చిన 'క్లాక్ టవర్'లో జెన్నిఫర్ ఓ అనాథ పిల్ల. పెద్ద కత్తెర పట్టుకుని వెంటపడేవాడి నుంచి పారిపోవడం, దాక్కోవడం తప్ప ఆమె చేతిలో ఆయుధం లేదు. 2001లో వచ్చిన 'ఫేటల్ ఫ్రేమ్'లో మికు అనే అమ్మాయి చేతిలో ఉన్నది ఒక పాత కెమెరా. దెయ్యాన్ని ఫోటో తీస్తేనే దాని శక్తి తగ్గుతుంది. తమాషా ఏమిటంటే, దెయ్యం ఎంత దగ్గరికొస్తే ఫోటో అంత బాగా పనిచేస్తుంది. పారిపోవాలనిపించే క్షణంలోనే కదలకుండా నిలబడి, దాని కళ్ళల్లోకి సూటిగా చూడాలి!

2014లో బ్రిటన్‌కి చెందిన క్రియేటివ్ అసెంబ్లీ 'ఏలియన్: ఐసొలేషన్' చేసింది. ఇందులో అమాండా తప్పిపోయిన తల్లి జాడ కోసం అంతరిక్ష కేంద్రానికి వెళ్తుంది. అక్కడ చంపడానికి వీల్లేని జీవి ఒకటి తిరుగుతుంటుంది. దాని వెనక రెండు బుర్రలు పనిచేస్తాయి. ఒక బుర్రకి అమాండా ఎక్కడుందో ఎప్పుడూ తెలుసు. అది జీవికి 'ఆ చుట్టుపక్కల చూడు' అని సూచన మాత్రమే ఇస్తుంది. జీవికున్న బుర్ర తన కళ్ళతో, చెవులతో వెతుక్కోవాలి. అందుకే అది ఎప్పుడూ దగ్గర్లోనే తచ్చాడుతుంది, ఎప్పుడు ఏ బీరువా ముందు ఆగుతుందో చెప్పలేం. బట్టీపట్టి గెలవడం కుదరదు.

ఊపిరి పీల్చుకునే గది

మొదటినుంచి చివరిదాకా భయపెడుతూనే ఉంటే ఎవరూ భయపడరు. ఎడతెగని మోత చెవికి అలవాటైపోయినట్టు, భయమూ మొద్దుబారిపోతుంది. అందుకే 'రెసిడెంట్ ఈవిల్'లో ఇంతకుముందు చెప్పిన టైప్‌రైటర్ ఉన్న గదుల్లో ఆపద ఉండదు. మెల్లగా, కాస్త దిగులుగా ఓ సంగీతం వినిపిస్తుంది. అక్కడ వస్తువులు సర్దుకోవచ్చు, గాయానికి మందు పెట్టుకోవచ్చు. కాసేపు ప్రాణం కుదుటపడుతుంది. కానీ అక్కడే ఉండిపోలేం కదా! ఆ చల్లని గది తలుపు తీసి మళ్ళీ బయటికి అడుగుపెట్టేటప్పుడు ఉంటుంది చూడండి, ఆ గుబులు అంతకుముందు లేనంత.

మనకి తెలియని భయమా?

ఇవన్నీ చూశాక నాకనిపించింది, ఈ ఆటలు నేర్పే విద్య ఆడవాళ్ళకి ముందే వచ్చని. ట్యూషన్ నుంచి చీకటిపడ్డాక వస్తున్న అమ్మాయి వెనకాల అడుగుల చప్పుడు వింటుంది. దగ్గరవుతోందా, దూరమవుతోందా అని చెవితోనే కొలుస్తుంది. వీధిలైటు వెలగని మలుపు దగ్గర దారి మార్చుకుంటుంది. సెల్‌ఫోన్‌లో ఛార్జింగ్ ఎంతుందో చూసుకుంటుంది. పర్సులో ఆటోకి చాలినంత ఉందో లేదో లెక్కపెట్టుకుంటుంది. తూటాలూ, రేడియో, మంచూ అన్నీ ఉన్నాయి ఇందులో! ఆపేసే మీట ఒక్కటే లేదు.

అందుకే మీ ఇంట్లో అబ్బాయి ఈ ఆట ఆడి, "అమ్మో, ఆ వరండాలో నడవలేకపోయానమ్మా" అన్నప్పుడు నవ్వేసి ఊరుకోకండి. "మీ అక్క రోజూ రాత్రి ఆ సందులోంచి వచ్చేటప్పుడు అలాగే ఉంటుందిరా" అని చెప్పండి. వాడికి చప్పున అర్థమవుతుంది. మరుసటిరోజు బస్టాండు దాకా ఎదురెళ్ళినా వెళ్ళొచ్చు.

అమ్మలకో మాట

బొమ్మలాట కదా అని ఏడెనిమిదేళ్ళ పిల్లల చేతికి వీటిని ఇవ్వకండి. అమెరికాలో 1994 నుంచి ఆటలకి వయసు గుర్తులు వేస్తున్నారు. పెట్టెమీద గానీ, కొనే చోట గానీ 'ఎం' అని ఉంటే పదిహేడేళ్ళు నిండినవాళ్ళకని అర్థం. 'రెసిడెంట్ ఈవిల్', 'సైలెంట్ హిల్' రెండూ ఆ కోవలోవే. యూరప్ గుర్తుల్లో పద్దెనిమిది అంకె కనిపిస్తే పెద్దవాళ్ళకే. చిన్నపిల్లలకి కథేదో, నిజమేదో విడదీసుకునే వయసు రాదు. పగలు ఆడినా భయం రాత్రి నిద్రలోకి వస్తుంది.

ఎదిగిన పిల్లలైతే, "ఆపరా ఆ దరిద్రం" అనేముందు ఓ పావుగంట పక్కన కూర్చోండి. ఎన్ని తూటాలున్నాయో అడగండి. ఆకు ఇప్పుడే వాడేయాలో, దాచుకోవాలో మీరూ ఓ సలహా పారేయండి. పొదుపు విషయంలో మీ మాటకి తిరుగుండదు!